ట్యాబ్‌లో 20కి 20, బకెట్ దగ్గర సున్నా: ఆటిజం ఉన్న పిల్లలతో డిజిటల్ ఆటలు ఎలా ఆడించాలి

మా వాడికి అయిదేళ్లప్పుడు ట్యాబ్‌లో రంగుల ఆట ఒకటి పెట్టాను. ఒక గొంతు "రెడ్ ఏది?" అని అడుగుతుంది. నాలుగు బెలూన్లలో సరైనదాన్ని నొక్కితే అది పగిలి నక్షత్రాలు రాలతాయి. పది రోజులు తిరిగేసరికి 20కి 20 వచ్చాయి. నేను ఆ స్క్రీన్ ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపాను. ఆ సాయంత్రమే బట్టలు ఉతుకుతూ, "నాన్నా, ఆ ఎర్ర బకెట్ ఇలా ఇవ్వు" అన్నాను. ఎరుపొకటి, నీలమొకటి, రెండే బకెట్లున్నాయక్కడ. వాడు రెండింటినీ చూశాడు. తర్వాత నా తడిచెయ్యి పట్టుకుని ట్యాబ్ దగ్గరికి తీసుకెళ్లాడు.

రెడ్ అన్నది బెలూన్ల సంగతి, దాంతో బకెట్‌కి ఏం పని అన్నట్టుంది వాడి లెక్క. పైగా ట్యాబ్ "రెడ్" అంటోంది, నేను "ఎర్ర" అంటున్నాను. మర్నాడు "రెడ్ బకెట్" అని కూడా అడిగి చూశాను. రాలేదు.

ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడుకోవడాన్ని థెరపిస్టులు జనరలైజేషన్ అంటారు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి ఇది తనంతట తాను రాదు. పెద్దవాళ్లలో కూడా ఇదే కనిపించింది. కేంబ్రిడ్జ్‌లో ఓఫర్ గోలన్, సైమన్ బారన్-కోహెన్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు భావాలు గుర్తుపట్టడం నేర్పే ఒక సాఫ్ట్‌వేర్‌ని 10 నుంచి 15 వారాలు వాడారు. అందులో చూసిన ముఖాలనీ, విన్న గొంతులనీ గుర్తుపట్టడంలో మెరుగయ్యారు. అవే భావాలు సినిమా దృశ్యాల్లో కనిపిస్తే మాత్రం ఆ మెరుగుదల అక్కడిదాకా రాలేదు.

నేను లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను. అందుకే ఆ రాత్రి ఒక నోట్‌బుక్ తీసి ప్రతి పేజీలో నిలువుగా గీత కొట్టాను. ఎడమ గడి "ట్యాబ్‌లో", కుడి గడి "బయట". కుడి గడిలో పడ్డదే జమ. ఎడమ గడిలోది ఇంకా బ్యాంకులో వెయ్యని చెక్కు. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, ఆ పద్ధతి మారలేదు. కింద రాసినదంతా ఎడమ నుంచి కుడికి చేర్చడం గురించే.

ముందు ఒక్క పని తేల్చుకోండి

ఆట వెతకడం తర్వాత. వచ్చే మూడు వారాల్లో మీ పిల్లవాడు ఏ ఒక్క పని చెయ్యగలిగితే ఇంట్లో రోజు కాస్త సులువుగా గడుస్తుందో రాసుకోండి. "మాటలు రావాలి", "ఏకాగ్రత పెరగాలి" అని రాస్తే అది కోరిక అవుతుంది గానీ పని అవదు. "అక్క ఆడుతుంటే తన వంతు వచ్చేదాకా పది సెకన్లు ఆగడం" అంటే పని. "రెండు వస్తువుల్లో కావాల్సినదాన్ని వేలితో చూపించడం" అంటే పని. మీ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు కూడా చూసి, చేశాడో లేదో చెప్పగలగాలి. స్పీచ్ థెరపిస్టో, ఓటీనో (రోజువారీ పనులు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు), స్పెషల్ ఎడ్యుకేటరో ఉంటే వాళ్లు ఇప్పుడు ఏం చేయిస్తున్నారో అడిగి, దాన్నే ఎంచుకోవడం మేలు. వాళ్లొక దారి, ట్యాబ్ ఒక దారి అయితే మధ్యలో నలిగేది పిల్లవాడే.

ఆట మీద రాసి ఉండే వయసుని పట్టించుకోవద్దు. మా వాడు ఎవరూ నేర్పకుండానే నాలుగేళ్లకి బోర్డుల మీది అక్షరాలన్నీ చదివేసేవాడు. దీన్ని హైపర్‌లెక్సియా అంటారని తర్వాత తెలిసింది. అదే పిల్లవాడు దాహమేస్తే నీళ్లు అడగలేక ఏడ్చేవాడు. చదవడంలో ఏడేళ్లు, అడగడంలో ఏడాదిన్నర. ఇలాంటి పిల్లవాడికి "4+" అన్న లేబుల్ ఏం చెబుతుంది?

ఇంకొకటి, వాడికి ఏదంటే ప్రాణమో చూడండి. మావాడికి లిఫ్టులు. అంతస్తుల అంకెలు నొక్కితే తలుపులు తెరుచుకునే చిన్న ఆట దొరికితే, అంకెల పాఠాలన్నీ పక్కన పెట్టేసి దాంట్లోకి దిగాం. పిచ్చి మాన్పించాలని మొదట్లో చాలామంది సలహా ఇచ్చారు. ఆ పిచ్చే మాకు దారి చూపించింది.

ఆటను ముందు మీరు ఆడండి, కావాలని తప్పులు ఆడండి

పిల్లలు నిద్రపోయాక, సౌండ్ పెట్టుకుని, పది నిమిషాలు. సరైన జవాబులకి ఏమవుతుందో ప్రతి ఆటా గొప్పగా చూపిస్తుంది. తప్పు నొక్కితే ఏమవుతుందో మీరే వెతికి చూడాలి.

ఎందుకంటే ఒక ఆటలో తప్పు జవాబుకి బాతు ఒకటి వచ్చి "క్వాక్" అని తోక ఊపేది. మా వాడు రెండు వారాలు బాగా ఆడి, ఉన్నట్టుండి అన్నీ తప్పులే నొక్కడం మొదలుపెట్టాడు. "వెనక్కి పోయాడు" అని నోట్‌బుక్‌లో రాశాను. ఆ రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు మా అమ్మాయి రెండు నిమిషాలు చూసి, "అమ్మా, వాడు బాతు కోసం నొక్కుతున్నాడు" అంది. రంగులన్నీ వాడికి తెలుసు! తెలియకపోతే ప్రతిసారీ తప్పే ఎలా నొక్కగలడు? తప్పుకి బహుమతి ఇచ్చే ఆటలు ఇలాంటివి చాలానే ఉన్నాయి. తప్పు నొక్కితే ఏమీ జరగకపోవడం, లేదా సరైన జవాబు నెమ్మదిగా మెరిసి దారి చూపించడం, ఈ రెండిట్లో ఏదున్నా మంచిది.

మరికొన్ని చూసుకోవాలి. సరైన జవాబు ప్రతిసారీ ఒకే మూల వస్తోందా? అయితే పిల్లవాడు నేర్చుకునేది ఆ మూలని. తెర మీద ఒకేసారి ఎన్ని కదులుతున్నాయి? వెనక మేఘాలు, పక్కన గంతులేసే కుందేలు, పైన నాణేల లెక్క ఉంటే అడిగిన ప్రశ్న ఎక్కడో మునిగిపోతుంది. టైమర్ పరిగెడుతూ ఉంటే వద్దు. సంగీతం ఆపేసి మాట మాత్రం ఉంచుకునే వీలుండాలి. లెవెల్‌ని మీరు మార్చగలగాలి. ప్రకటనలు వచ్చే ఆటని ఉచితమైనా తీసెయ్యండి. ఆట మధ్యలో ఉరికొచ్చే ప్రకటనకి మామూలు పిల్లవాడు విసుక్కుంటాడు. మావాడికి అది కూర్చున్న కుర్చీ లాగేసినట్టు.

గొంతు విషయం నేను ఆలస్యంగా గ్రహించాను. చాలా ఆటలు ఇంగ్లీషే మాట్లాడతాయి. ఇంట్లో తెలుగు, ఆటలో ఇంగ్లీషు అయితే మాటలు తక్కువున్న పిల్లవాడి మీద రెండింతలు బరువు పడుతుంది. నేను ఇప్పుడు మ్యూట్ చేసి నా గొంతుతోనే చెబుతాను. "ఎరుపు" అని ట్యాబ్ పక్కన కూర్చున్నప్పుడూ అంటాను, బట్టలు ఆరేసేటప్పుడూ అంటాను. రెండు భాషలు నేర్పకూడదని దీనర్థం కాదు. మొదలుపెట్టే మాట మాత్రం ఇంట్లో రోజూ వినిపించే మాటై ఉండాలి.

"ఆటిజం పిల్లల కోసం ప్రత్యేకం" అన్న ముద్ర చూసి కొనకండి. మెదడుని పదునుపెడతామని చెప్పుకున్న లుమోసిటీ అనే ప్రసిద్ధ యాప్ కంపెనీ, రుజువు లేని ప్రచారం చేసిందన్న అభియోగం మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2020లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, ఎండీవర్ ఆర్‌ఎక్స్ అనే ఆటకి అనుమతి ఇచ్చినప్పుడు నాకు కనీసం నలుగురు ఆ వార్త పంపి ఉంటారు. ఆ అనుమతి 8 నుంచి 12 ఏళ్ల, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవని, కుదురు లేని స్థితి) ఉన్న పిల్లల్లో శ్రద్ధకి సంబంధించింది. ఆటిజానికి కాదు.

నేను ఎక్కువ వాడినవన్నీ మామూలు పిల్లల ఆటలే. 2018లో వచ్చిన ఖాన్ అకాడమీ కిడ్స్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. జీకాంప్రి కూడా ఉచితమే. అందులో మౌస్ కదపడం దగ్గర్నుంచి లెక్కల దాకా వందకు పైగా చిన్న ఆటలున్నాయి, వాటిలో మీకు అక్కర్లేనివి దాచెయ్యొచ్చు. బొమ్మలకి వరుసగా ఆదేశాలిచ్చి నడిపించే స్క్రాచ్ జూనియర్ 5–7 ఏళ్ల పిల్లల కోసం చేసింది. వరుసక్రమం ఇష్టపడే పిల్లలకి అది ఎంత నచ్చుతుందో చూడాల్సిందే.

ట్యాబ్‌ని సిద్ధం చెయ్యడం

ఐప్యాడ్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద గైడెడ్ యాక్సెస్ ఉంటుంది. అది ఆన్ చేసి, ఆట తెరిచి, ఐప్యాడ్ పై అంచున ఉన్న బటన్‌ని (హోమ్ బటన్ ఉన్న ఐప్యాడ్ అయితే దాన్ని) వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే పిల్లవాడు ఆ ఆటలోంచి బయటికి పోలేడు. తెర మీద నొక్కకూడని భాగం చుట్టూ వేలితో గీసి దాన్ని పనిచెయ్యకుండా కూడా చెయ్యొచ్చు. సెట్టింగ్స్ గుర్తు, "ఇంకా కొనండి" బటన్ అలా మూసేస్తాను. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో వెతకండి. కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టండి.

వేలు సరిగ్గా ఆనించలేని పిల్లలు చాలామంది. తెర మీద అరచెయ్యి పెట్టేస్తారు, ఒక్కసారి నొక్కమంటే ఆరుసార్లు నొక్కుతారు. ఐప్యాడ్‌లో టచ్ అకామడేషన్స్ అనే చోట, ఎంతసేపు ఆనిస్తే నొక్కినట్టు లెక్క, వెంటవెంటనే నొక్కినవి వదిలెయ్యాలా అన్నవి పెట్టుకోవచ్చు. నేను ఇది తెలియక ఆర్నెల్లు "వాడికి అర్థం కావట్లేదు" అనుకున్నాను. అర్థమవుతూనే ఉంది, వేలే మాట వినట్లేదు.

యాప్‌లు తమంతట తాము అప్‌డేట్ అవ్వకుండా తప్పకుండా ఆపెయ్యండి. ఒక ఉదయం లేచేసరికి మా లిఫ్ట్ ఆట గుర్తు నీలం నుంచి ఊదా అయిపోయింది. లోపల తలుపుల చప్పుడు మారింది. ఆ రోజు ఏం జరిగిందో రాయను. అప్పటినుంచి ఏ అప్‌డేట్ అయినా ముందు నా ఫోన్‌లో చూసి, ఏం మారిందో వాడికి బొమ్మ చూపించి, తర్వాత ట్యాబ్‌లో పెడతాను. బ్యాటరీ 30 శాతం కంటే తక్కువుంటే ఆట మొదలుపెట్టను.

మాట్లాడటానికి ఏఏసీ యాప్ (బొమ్మలో మాటలో నొక్కితే పిల్లల బదులు పలికేది) వాడే పిల్లలైతే, ఆటలు ఆ పరికరంలో పెట్టకండి. అది వాళ్ల గొంతు. అల్లరి చేశాడని ఆట ట్యాబ్ లాక్కోవచ్చేమో గానీ గొంతు లాక్కోకూడదు. రెండూ ఒకే పరికరంలో ఉంటే ఏదో ఒక రోజు కోపంలో రెండూ లాక్కుంటాం. ఇంకో పరికరం దొరికేదాకా, ఆట మూసినా మాట్లాడే యాప్ మాత్రం చేతిలోనే ఉంచండి.

పక్కన కూర్చోవడం

ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే ముఖం చూడమని అడిగినట్టుంటుంది. పక్కన కూర్చుంటే ఇద్దరూ ఒకే వస్తువు చూస్తారు. ఇద్దరూ కలిసి ఒకదాన్ని చూడటాన్నే జాయింట్ అటెన్షన్ అంటారు, మాటలకి పునాది అదే.

మొదటి రెండు మూడు రోజులు ఏమీ నేర్పకండి. వాడు ఆట మొదట్లో వచ్చే బొమ్మని 15 సార్లు వేసి చూసుకుంటాడు. చూసుకోనివ్వండి. చేతులు ఊపుతాడు, గెంతుతాడు. ఊపనివ్వండి. సంతోషాన్ని వాడు పట్టుకునే తీరు అది.

తర్వాత మీ మాటల లెక్క సరిచూసుకోండి. నేను ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విన్నాను. అయిదు నిమిషాల్లో నేను ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాను: "ఇది ఏంటి? చెప్పు, చెప్పు నాన్నా, ఏనుగు కదా? ఏనుగు ఎక్కడ ఉంటుంది? ఏయ్, ఇటు చూడు." నాకే తల నొప్పి వచ్చింది. ఇప్పటి పద్ధతి: వాడు ఒక మాట మాట్లాడగలిగితే నేను రెండు మాట్లాడతాను. వాడు "తలుపు" అంటే నేను "తలుపు తెరుచుకుంది" అంటాను, అంతే. ప్రశ్న అడిగితే మనసులో పది దాకా లెక్కపెడతాను. మొదట్లో ఆ పది ఒక యుగంలా ఉండేది. తొమ్మిదో అంకె దగ్గర జవాబు వచ్చిన రోజులున్నాయి.

సాయం చెయ్యాల్సి వస్తే తక్కువ సాయంతో మొదలుపెట్టండి. ముందు ఆగండి. రాకపోతే ఆ వైపు చూడండి. అప్పటికీ రాకపోతే వేలితో చూపించండి. ఆ తర్వాత మీరు ఒకసారి నొక్కి చూపించండి. చెయ్యి పట్టుకుని నొక్కించడం నేను మానేశాను. చేతిని తాకడం చాలామంది పిల్లలకి ఇష్టం ఉండదు. పైగా చెయ్యి పట్టించడం అలవాటైతే, ఆట రాగానే చెయ్యి మనకి అప్పగించేసి కిటికీలోంచి చూస్తారు.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా తప్పు చెయ్యడం. వాడు "మూడు" నొక్కమని చూపిస్తే నేను "ఏడు" నొక్కి, "అయ్యో" అంటాను. మొదటిసారి వాడు నా ముఖంలోకి చూశాడు. స్క్రీన్ వైపు కాదు, నా వైపు. రెండోసారి "కాదు" అన్నాడు. నాలుగోసారి నవ్వి, నా వేలు పట్టుకుని మూడు మీద పెట్టాడు. సరైన జవాబులు చెప్పడంలో రాని సంభాషణ నా తప్పులు దిద్దడంలో వచ్చింది.

వంతులు నేర్పాలంటే ఒకరు ఆడి ఒకరు చూసే ఆట తీసుకోండి. మేం చిన్న అట్టముక్క మీద వాడి ఫొటో ఒక వైపు, వాళ్ల అక్క ఫొటో ఇంకో వైపు అతికించాం. ఎవరి ముఖం పైకి ఉంటే వాళ్ల వంతు. మొదట అక్క వంతు రెండు సెకన్లే. వారానికి రెండు మూడు సెకన్లు పెంచాం. "నా వంతు", "నీ వంతు" అన్న మాటలు తిప్పేటప్పుడు ప్రతిసారీ అనడం వల్ల, మావాడు ఆ మాటల్ని చాలా రోజులు అలాగే వల్లించాడు, అర్థం లేకుండా. అలా విన్నమాటని తిరిగి అనడాన్ని ఎకోలాలియా అంటారు. ఆపకండి. వల్లించిన మాటే కొన్నాళ్లకి అర్థంతో వాడటం మా ఇంట్లో చాలాసార్లు చూశాం.

తెర దాటించడం

బకెట్ కథ ఎలా ముగిసిందో చెబితే పద్ధతి అర్థమవుతుంది. మొదటి మూడు రోజులు ట్యాబ్ పక్కనే ఒక ఎర్ర మూత, ఒక నీలం మూత పెట్టాను. బెలూన్ పగలగానే అదే రంగు మూత పైకెత్తి "ఎరుపు" అన్నాను. వాడిని ఏమీ అడగలేదు. తర్వాతి రోజుల్లో బెలూన్ పగిలాక మూత వాడే ఎత్తి ఇవ్వాలి. ఇస్తే తర్వాతి బెలూన్ వస్తుంది. ఆ తర్వాత ట్యాబ్‌ని బల్ల మీద మూసి పెట్టి, ముందు మూతలతో రెండుసార్లు ఆడి, అప్పుడు ట్యాబ్ తెరిచాం. తర్వాత మూతల బదులు సాక్సులు, పెన్సిళ్లు. తర్వాత బల్ల మీద కాకుండా గదిలో. చివరికి అడిగే మనిషి మారాలి: మా ఆయన, మా అమ్మాయి, మా అత్తయ్యగారు. బకెట్ 19వ రోజున వచ్చింది. ఆ రోజు అడిగింది మా అత్తయ్యగారు. నేను ఆఫీసులో ఉన్నాను, ఫోన్‌లో విన్నాను.

దీంట్లో కిటుకు ఒక్కసారి ఒక్కటే మార్చడం. వస్తువు మారిస్తే చోటు మార్చొద్దు, చోటు మారిస్తే మనిషిని మార్చొద్దు. మూడు చోట్ల, ముగ్గురు మనుషులతో, మూడు రకాల వస్తువులతో చేస్తేనే కుడి గడిలో రాస్తాను.

భావాల ఆటలతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కార్టూన్ ముఖంలో ఏడుపంటే నీలం రంగు కన్నీటి చుక్క. ఒకరోజు నేను నిజంగానే ఏడుస్తుంటే మావాడు వచ్చి నా బుగ్గ మీద చుక్క కోసం వెతికాడు. అప్పటికే తుడుచుకున్నాను. "హ్యాపీ" అని వెళ్లిపోయాడు. అందుకని మా ఇంటివాళ్ల ముఖాలతో మేమే ఆట తయారుచేసుకున్నాం. చెయ్యడం తేలికే. లాప్‌టాప్‌లో స్లైడ్లు చేసే ఏ ప్రోగ్రామ్ అయినా చాలు. ఒక స్లైడ్‌లో రెండు ఫొటోలు పెట్టండి, మా ఆయన విసుగ్గా ఉన్నది ఒకటి, నవ్వుతున్నది ఒకటి. పైన "నాన్న విసుగ్గా ఉన్నాడు, ఏది?" అని రాసి మీ గొంతు రికార్డ్ చెయ్యండి. సరైన ఫొటోకి తర్వాతి స్లైడ్ లింక్ ఇవ్వండి. తప్పు ఫొటోకి ఏ లింకూ వద్దు. స్లైడ్‌లో ఎక్కడ నొక్కినా ముందుకెళ్లిపోయే ఆప్షన్ తీసెయ్యండి, లేకపోతే మొత్తం శ్రమ వృథా. అదే ముఖానికి నాలుగైదు ఫొటోలు, వేరే వేరే బట్టల్లో తియ్యాలి. ఒకే ఫొటో అయితే "పచ్చ చొక్కా అంటే విసుగు" అని నేర్చుకుంటాడు. మావాడు నిజంగా అలాగే నేర్చుకున్నాడు, పాపం మా ఆయన నెలరోజులు ఆ చొక్కా వేసుకోలేదు.

ఆపడం

ఇంట్లో గొడవలన్నీ ఇక్కడే. "ఇంకా అయిదు నిమిషాలే" అన్న మాట సమయం తెలియని పిల్లవాడికి ఏమీ చెప్పదు. లెవెల్ మధ్యలో ఆపితే వాడికి పని సగంలో తెగిపోయినట్టు. నేను సమయంతో కాక సంఖ్యతో ఆపుతాను. ట్యాబ్ పక్కన మూడు బిళ్లలు. ఒక లెవెల్ అయితే ఒక బిళ్ల డబ్బాలో వేస్తాడు. డబ్బా నిండితే ఆట అయిపోయింది, ట్యాబ్ వాడే తీసుకెళ్లి అరలో పెడతాడు. పక్కనే "ముందు–తర్వాత" కార్డు ఉంటుంది: ముందు ఆట బొమ్మ, తర్వాత ఉయ్యాల బొమ్మ. ట్యాబ్ తర్వాత వచ్చేది కూడా కాస్త ఇష్టమైనదై ఉండాలి. ట్యాబ్ తర్వాత ఎప్పుడూ గోళ్లు తియ్యడమే అయితే ట్యాబ్ ఎవరు వదులుతారు?

మెల్ట్‌డౌన్ వస్తే, అంటే తట్టుకోలేక వాడి అదుపు వాడికే తప్పిపోతే, ఆ క్షణంలో నేర్పడం ఉండదు. మాటలు తగ్గించి, లైటు తగ్గించి, దెబ్బ తగలకుండా చూసుకుంటూ ఆగడమే. ఏడుపు ఆపడానికి ట్యాబ్ తిరిగి ఇవ్వకండి. నేను ఒకసారి ఇచ్చాను. దానికి రెండు నెలలు వడ్డీ కట్టాను.

ఎంతసేపు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఏడాది పిల్లలకి తెర వద్దు. 2 నుంచి 4 ఏళ్లకి రోజుకి గంటకి మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మేం మాత్రం 15 నిమిషాల చొప్పున రోజుకి రెండుసార్లు. దాటితే వాడు నేర్చుకోవడం ఆపేసి నొక్కడం మొదలుపెడతాడు, కళ్లు చూస్తే తెలిసిపోతుంది. పడుకునే ముందు గంటలో అసలు లేదు, నిద్ర అసలే అంతంతమాత్రం. అమెరికాలో మికా మజురెక్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న అబ్బాయిలు రోజుకి సగటున 2.1 గంటలు వీడియో గేములు ఆడుతుంటే మామూలుగా ఎదుగుతున్న అబ్బాయిలు 1.2 గంటలు ఆడారు. వీళ్లని ఆట గట్టిగానే పట్టుకుంటుంది. అందుకే ఆపే పద్ధతి మొదటి రోజు నుంచే ఉండాలి, అలవాటయ్యాక కాదు.

ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. వేగంగా మెరిసే తెర కొందరిలో దాన్ని రేపుతుంది. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలు సెకనుకి 3 సార్లకి మించి మెరుపులు వద్దంటాయి. మీ పిల్లవాడికి ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ఏ ఆటైనా మొదలుపెట్టేముందు డాక్టర్‌ని అడగండి. ఆడుతూ ఉన్నట్టుండి కొయ్యబారినట్టు చూస్తే వెంటనే ఆపి, డాక్టర్‌కి చూపించండి.

ఇక్కడే ఇంకో మాట. "ట్యాబ్ ఇచ్చి ఇచ్చి పిల్లవాణ్ణి ఇలా చేశావు" అని నాతో అన్నవాళ్లున్నారు. ఆటిజం మెదడు ఎదిగే క్రమంలోనే, చిన్ననాటి నుంచే ఉంటుంది. ట్యాబ్ వల్ల రాదు. ట్యాబ్ వల్ల పోదు కూడా.

పెద్దపిల్లలైతే

పదేళ్లు దాటిన పిల్లలకి బెలూన్ల ఆటలు పెట్టి అవమానించకండి. వాళ్ల వయసువాళ్లు ఆడేవే ఆడనివ్వండి. కెనడాకి చెందిన స్టువర్ట్ డంకన్ అనే తండ్రి 2013లో మైన్‌క్రాఫ్ట్ అనే, దిమ్మెలతో లోకాలు కట్టే ఆటలో ఆట్‌క్రాఫ్ట్ అనే సర్వర్ (చాలామంది కలిసి ఆన్‌లైన్‌లో ఆడుకునే చోటు) మొదలుపెట్టారు. బయటి సర్వర్లలో ఏడిపింపులు భరించలేకపోయిన ఆటిజం ఉన్న పిల్లలు, వాళ్ల కుటుంబాలవాళ్లు ముందుగా అనుమతి తీసుకుని అందులో ఆడతారు. తెలియనివాళ్లతో ఆన్‌లైన్ ఆటలు ఆడే పిల్లలకి, పేరూ ఫొటో ఎవరికీ ఇవ్వకూడదన్నది బొమ్మలతో రాసి తెర పక్కన అంటించాలి. నోటితో ఒకసారి చెబితే సరిపోదు.

ఆట ఎప్పుడు మార్చాలి అంటే, మూడు వారాలకి కుడి గడి ఖాళీగా ఉంటే మారుస్తాను. ఇష్టమైన ఆటైతే తీసెయ్యను, "సరదా" అని వేరే ఫోల్డర్‌లో పెడతాను. వాడికీ ఏ లెక్కా లేని ఆట ఒకటి ఉండాలి కదా.

ఈ నెల మా పని: తెలియని మనిషిని ఒక్క మాట అడగడం. లిఫ్ట్ ఆటలో ఒక బొమ్మ ఎక్కుతుంది, వాడు "ఎన్ని?" అని అడిగితే నేను బొమ్మ తరఫున జవాబు చెబుతాను, వాడు అంకె నొక్కుతాడు. ట్యాబ్ మూసి కుర్చీలతో ఆడాం. వాళ్ల అక్కతో నిజం లిఫ్ట్‌లో ఆడాం. నిన్నటి పేజీలో కుడి గడిలో ఇలా రాసుంది: "సాయంత్రం 6:10. లిఫ్ట్‌లో ఒక పెద్దాయన ఎక్కారు. వాడు బటన్ల ముందు నిలబడ్డాడు. నేను మాట్లాడలేదు. ఏడు దాకా లెక్కపెట్టాను. 'ఎన్ని?' అన్నాడు, ఆయన బూట్ల వైపు చూస్తూ. 'నాలుగు బాబూ' అన్నారు. నొక్కాడు."